ఈ రోజు ఏది అయిపోవాలి?

ఇంజినీరింగ్ విద్యార్థికి నెలాఖరు ఇరవయ్యో తారీఖునే మొదలవుతుంది. అప్పటిదాకా ఎవరూ లెక్క చూసుకోరు. ఇరవై దాటిందంటే రూములో అందరూ ఆర్థికవేత్తలే. "సరుకులకే ఇంత అయిందా?" అని ఒకడు, "వచ్చే నెల నూనె తగ్గిద్దాం" అని ఇంకొకడు, "ఆఫర్ ఉన్నప్పుడు పది కిలోలు ఒకేసారి తెచ్చి పడేద్దాం" అని మరొకడు. పొదుపు అనగానే మనకి తట్టేవన్నీ కొనే దగ్గరి ఉపాయాలే. చవగ్గా కొనాలి, తక్కువ కొనాలి, కూపన్ వెతకాలి. కొన్నాక ఆ వస్తువు ఏమైందో మాత్రం ఎవరూ అడగరు.

నా అభిప్రాయం చాలా చిన్నది. ఇంట్లో ఉన్నది పూర్తిగా తినేశాక కొత్తది కొనుక్కోవడం కంటే పెద్ద డిస్కౌంట్ ఏ యాప్‌లోనూ లేదు. ఇది పెద్దవాళ్ళు చెప్పే సుద్దిలా ఉంటుందని నాకూ తెలుసు. అన్నం ఎంత పవిత్రమైనదో చెప్పే బోర్డు చాలా మెస్సుల గోడల మీద ఉంటుంది. సరిగ్గా దాని కిందే ప్లేట్లు దులిపే డ్రమ్ము కూడా ఉంటుంది. అందుకని నీతి సంగతి పక్కన పెట్టి ముందు లెక్క చూద్దాం.

మా రూములో నలుగురం. బయట అద్దెకి ఉండి మేమే వండుకుంటాం. ఒక నెలపాటు, పారేసే ప్రతి వస్తువునీ పారేసే ముందు ఒక కాగితం మీద రాశాం. కొత్తిమీర, పుదీనా కలిపి ఆరు కట్టలు, 60 రూపాయలు. మెత్తబడిన టమాటాలు కిలోన్నర, 45. బూజు పట్టిన బ్రెడ్ ప్యాకెట్టున్నర, 75. దోసెల పిండి ప్యాకెట్లు రెండు, 140. పెరుగు డబ్బా 40, విరిగిపోయిన పాల ప్యాకెట్లు రెండు, 60. వండి మిగిలిన అన్నం, కూరలు ఉజ్జాయింపుగా 200 వేసుకున్నాం. మొత్తం 620 రూపాయలు.

కాగితం చూసి మా వరంగల్ వాడు అన్న మాట: "తలా నూట యాభై ఐదా? ఒక్క బిర్యానీ. దీనికోసమా నెలంతా రాసినం?" వాడన్నది అబద్ధమేం కాదు. నలుగురు కుర్రాళ్ళ రూములో 620 అంటే ప్రపంచం తలకిందులు అవ్వదు. కానీ ఆ కాగితంలో నాకు వేరే సంగతి కనపడింది. రాసిన వాటిలో ఒక్కటి కూడా ఖరీదైన వస్తువు లేదు. పన్నీరు లేదు, చికెన్ లేదు, జీడిపప్పు లేదు. ఖరీదైనవన్నీ గుర్తుపెట్టుకుని తినేశాం. పోయినవన్నీ చిన్న చిన్న ధరలవే. చవకగా దొరికింది కాబట్టే దాని గురించి ఎవరూ ఆలోచించలేదు.

ఇదే లెక్క ఒక కుటుంబానికి వేసి చూడండి. 2023-24లో కేంద్ర ప్రభుత్వం చేసిన గృహ వినియోగ వ్యయ సర్వే ప్రకారం గ్రామాల్లో ఇంటి ఖర్చులో దాదాపు 47 శాతం తిండికే పోతోంది. పట్టణాల్లో సుమారు 40 శాతం. ఇంటి ఖర్చులో సగం దాకా వంటింట్లోంచే వెళ్తున్నప్పుడు, అక్కడ మిగిలే వంద ఎవరి సెమిస్టర్ ఫీజులోనో, ఎవరి మందుల చీటీలోనో కలుస్తుంది. మనలో చాలామంది ఆ ఇళ్ళనుంచి వచ్చినవాళ్ళమే. అక్కడినుంచి వచ్చి, ఇక్కడ నాలుగు నెలల్లో కొత్తిమీర కట్టని కట్టగానే చెత్తలో వెయ్యడం నేర్చేసుకుంటాం. ఇదొక చదువు, సర్టిఫికెట్ ఇవ్వరంతే.

అసలు తేడా ఎక్కడ వస్తోందంటే మనం అడిగే ప్రశ్నలో. మనం పొద్దున్నే "ఈ రోజు ఏం తిందాం?" అంటాం. యూట్యూబ్‌లో ఒక వంట చూస్తాం. దాన్లో ఏమేం కావాలో రాసుకుంటాం. యాప్ తీసి ఆర్డర్ పెడతాం. ఇంకో ముప్ఫై రూపాయలవి కొంటే డెలివరీ ఉచితం అంటాడు కాబట్టి ఇంకేదో ఒకటి వేస్తాం. వంటకి క్రీమ్ రెండు చెంచాలు చాలు, ప్యాకెట్ మాత్రం రెండు వందల మిల్లీలీటర్లు. మిగిలినది ఫ్రిజ్ తలుపులో నిలబడి, మనం ఎప్పుడైనా తన వైపు చూస్తామేమోనని ఎదురుచూసి ఎదురుచూసి పసుపురంగుకి తిరుగుతుంది.

తెనాలి దగ్గర మా అమ్మమ్మ ముందు బుట్ట చూస్తుంది. బుట్టలో రెండు బీరకాయలు, ఒక వాడిపోతున్న దోసకాయ, నాలుగు వంకాయలు ఉన్నాయనుకోండి, ఆ పూట ఏం వండాలో బుట్టే చెప్తుంది. దోసకాయ పప్పులో పడుతుంది. వంకాయలు రేపటిదాకా ఆగగలవు. మా సీఎస్ భాషలో చెప్పాలంటే మన వంట టాప్ డౌన్, ఆవిడ వంట బాటమ్ అప్. ఆవిడ అడిగే ప్రశ్న "ఈ రోజు ఏది అయిపోవాలి?" అని. ఇదొక్కటే మార్చుకుంటే చాలా మారుతుందని నేను గట్టిగా నమ్ముతున్నాను.

సీఎస్ అన్నాను కాబట్టి ఇంకాస్త భరించండి. ఈసీఈ మిత్రులు ఈ పేరా వదిలేసినా ఏమీ అనుకోను. మన ఫ్రిజ్‌లన్నీ స్టాక్‌లు. చివర పెట్టింది ముందు బయటికొస్తుంది, మొదట పెట్టింది అడుగున శిలాజం అవుతుంది. కిరాణా కొట్టువాడు మాత్రం కొత్త సరుకు వెనక్కి పెట్టి పాతది ముందుకి జరుపుతాడు, అది క్యూ. "సరే, మనమూ క్యూ చేద్దాం" అని మొదట అనుకున్నాం. కానీ వంటింటికి క్యూ కూడా పూర్తిగా పనికిరాదు. పోయిన వారం తెచ్చిన బంగాళదుంపల కంటే ఈ రోజు తెచ్చిన పాలకూర ముందు పాడవుతుంది. తెచ్చిన తేదీ చూస్తే మోసపోతాం, పోయే తేదీ చూడాలి. ఆపరేటింగ్ సిస్టమ్స్‌లో దీనికి ఎర్లియెస్ట్ డెడ్‌లైన్ ఫస్ట్ అని పేరు. లియు, లేలాండ్ అనే ఇద్దరు 1973లో రాసిన ప్రసిద్ధమైన పేపర్‌లో ఒకే ప్రాసెసర్ ఉన్నప్పుడు ఈ పద్ధతి ఎంత బాగా పనిచేస్తుందో చూపించారు. మన ఇళ్ళల్లో ప్రాసెసర్ అంటే స్టవ్వు. ఆకుకూరలు ముందు, తర్వాత బెండ, బీర, వంకాయ, ఆ తర్వాత టమాటా, ఆ తర్వాత క్యాబేజీ, క్యారెట్. దుంపలు, ఉల్లిపాయలు చివర్న. ఇది ఏ అమ్మమ్మకీ ఎవరూ నేర్పక్కర్లేదు. మనకి మాత్రం ఐదో సెమిస్టర్‌లో ఎలెక్టివ్‌గా చెప్తే బాగుండు.

ఆ పద్ధతికి ఒక లోపం కూడా ఉంది, అది మరీ ఆసక్తికరం. పని మోయలేనంత ఎక్కువైతే ఈ షెడ్యూలింగ్ కుప్పకూలిపోతుంది. ఒక పనికి గడువు దాటితే దాన్ని పట్టుకుని వేలాడి, దాని వెనకున్న పనులకీ గడువు దాటించేస్తుంది. సరిగ్గా ఆదివారం రైతు బజారు నుంచి రెండు సంచులు నింపుకొచ్చిన రూములో జరిగేది ఇదే. సోమవారం తోటకూర వండలేదు, మంగళవారం వాడిపోయిన తోటకూరని కాపాడుతూ కూర్చున్నారు, ఈలోపు బెండకాయ ముదిరింది. ఎంత తెలివైన పద్ధతైనా తినగలిగిన దానికంటే ఎక్కువ తెస్తే చేసేదేం లేదు. రైతు బజారులో "పది రూపాయలకి ఇవ్వండి" అంటే ఇస్తారు. రెండు పచ్చిమిరపకాయలు కొసరు కూడా వేస్తారు. యాప్‌లో ఆ బటన్ లేదు.

ఇక ప్రపంచం లెక్క. ఐక్యరాజ్యసమితి పర్యావరణ కార్యక్రమం 2024లో ఇచ్చిన నివేదిక ప్రకారం 2022లో ప్రపంచమంతా కలిపి 105 కోట్ల టన్నుల ఆహారం వృథా అయింది. అందులో 60 శాతం ఇళ్ళల్లోంచే. హోటళ్ళు, పెళ్ళిళ్ళు చూసి మనం అమ్మో అంటాం గానీ పెద్ద డ్రమ్ము మన వంటింట్లోనే ఉంది. మన దేశానికి ఆ నివేదిక వేసిన అంచనా, ఇళ్ళల్లో మనిషికి ఏడాదికి 55 కిలోలు. అంటే రోజుకి నూట యాభై గ్రాములు. ఇక్కడ ఒక చిన్న మెలిక ఉంది. ఈ లెక్కలో తినగలిగిన ఆహారంతో పాటు తొక్కలు, ఎముకలు లాంటి తినలేని భాగాలు కూడా కలిసే ఉంటాయి. అది చదివి కాసేపు నవ్వుకున్నాను. తినలేని భాగం అని ఎవరు నిర్ణయించారు? బీరకాయ తొక్క తినలేనిదని తెలుగువాడితో చెప్పి చూడండి.

బీరపొట్టు పచ్చడి తిన్నవాళ్ళకి నేను చెప్పాల్సిన పనిలేదు. తిననివాళ్ళకి చెప్తే నమ్మరు. లేత బీరకాయ చెక్కు తీసి, నువ్వులు, ఎండుమిర్చి, చింతపండుతో వేయించి నూరితే, కాయతో చేసిన కూర కంటే తొక్కతో చేసిన పచ్చడికే ముందు చెయ్యి వెళ్తుంది. సొరకాయ పొట్టుదీ అదే దారి. అరటికాయ తొక్క పచ్చడవుతుంది. అరటిచెట్టు గెల వేశాక నరికేస్తే దాని దూట కూరవుతుంది, పువ్వు ఇంకో కూరవుతుంది. ముల్లంగి ఆకులు పప్పులోకి. పుచ్చకాయ లోపలి తెల్ల భాగం కూటులోకి. పనస గింజలు కాల్చుకు తినడానికి. కాలీఫ్లవర్ కాడలు కూడా ముక్కలు కోసి వేపుడు చేస్తే బాగుంటాయి, ఇది మాత్రం మా కడప వాడి ఆవిష్కరణ. పేటెంట్ అడుగుతున్నాడు.

నేను ఎల్‌కేజీ నుంచి ఇంగ్లీషు మీడియం. 'ఒరుగులు' అనే మాట మొదటిసారి విన్నది పోయిన ఏడాది. వంకాయలో, మామిడికాయలో చవగ్గా ఉన్నప్పుడు కోసి ఎండబెట్టి, దొరకని రోజుల్లో వండుకునేవాటిని ఒరుగులంటారని అమ్మమ్మ చెప్పింది. అప్పటినుంచి గమనిస్తున్నాను. ఇంగ్లీషులో 'లెఫ్ట్ ఓవర్స్' అని ఒకే గంప ఉంది. మిగిలిందంతా అందులోకే, దానికంటూ వేరే పేరుండదు. తెలుగులో నిన్నటి తిండికి కొత్త పేరు పెట్టేశారు. రాత్రి అన్నం నీళ్ళలోనో మజ్జిగలోనో వేస్తే చద్దన్నం. గంజి కుండలో పులియబెట్టి అన్నంలో పోసుకుంటే తరవాణి. అదే అన్నానికి చింతపండు పులుసు, పోపు తగిలితే పులిహోర. ఇడ్లీలు మిగిలితే చిదిపి ఇడ్లీ ఉప్మా. దోసెల పిండి మూడో రోజుకి పులిస్తే ఉల్లిపాయ వేసి ఊతప్పం, ఇంకాస్త పులిస్తే మైదా కలిపి పునుగులు. మజ్జిగ పులిస్తే దాన్ని ఎవరూ ఏమీ అనరు, శనగపిండి కలిపి మజ్జిగ పులుసు అంటారు. పొద్దుటి పప్పు సాయంత్రానికి పప్పుచారు. మిగిలిన అన్నంలో జీలకర్ర, కారం వేసి రుబ్బి ఎండబెడితే వడియాలు. పేరు మారగానే అది మిగిలిపోయిన వస్తువు అవ్వడం మానేసి వంటకం అయిపోతుంది. భాష ఇంత పొదుపు చేసి పెడుతుందని మా తెలుగు క్లబ్ సభ్యత్వ ప్రచారంలో ఎవరూ చెప్పలేదు, చెప్పుంటే ఇంకో పదిమంది చేరేవాళ్ళు.

చద్దన్నం గురించి ఇంకో రెండు మాటలు. పోతన భాగవతం దశమస్కంధంలో చిన్నికృష్ణుడు స్నేహితులతో కలిసి అడవిలో చల్దులు తినే ఘట్టం చాలామంది తెలుగువాళ్ళకి ఇష్టం. దేవుడు పెరుగు కలిపిన చల్ది ముద్ద చేత్తో పట్టుకుని, వేళ్ళ సందుల్లో ఊరగాయ ముక్కలు ఇరికించుకుని తింటాడు. తెలంగాణలో అదే మాట సద్ది. పొలానికి పోయేవాళ్ళ సద్దిమూటలోనూ ఉంది, సద్దుల బతుకమ్మలోనూ ఉంది. మా కడప వాడి ఇంట్లో రాత్రి మిగిలిన సంగటి పొద్దున్నే మజ్జిగలో పిసికి, ఉల్లిపాయ నంజుకుని తాగేస్తారు. ఇప్పుడు అదే చద్దన్నం కొన్ని హోటళ్ళలో మట్టి ముంతలో, అరిటాకు ముక్క మీద, బాగానే ధర పెట్టి అమ్ముతున్నారు. ఇంట్లో పెడితే నామోషీ, హోటల్లో పెడితే ఫోటో.

ఇంతవరకూ రాసి ఆపేస్తే ఈ వ్యాసం బాగానే ఉంటుంది. మన పూర్వీకులు గొప్పవాళ్ళు, బీరపొట్టు జిందాబాద్ అని ముగించెయ్యొచ్చు. కానీ అలా ముగిస్తే సగమే చెప్పినట్టు. ఎందుకంటే, ఉన్నది పారెయ్యకుండా తినే ఇళ్ళల్లో దాన్ని ఎవరు తింటున్నారన్నది ఎవరూ అడగరు.

మీ ఇంట్లో నిన్నటి కూర ఎవరు తింటారు? మా ఇంట్లో అమ్మ. మీ ఇంట్లో కూడా అమ్మే అయ్యుంటుంది. నాన్నకీ పిల్లలకీ కొత్త కూర, అమ్మకి నిన్నటిది. అడిగితే "నాకదే ఇష్టం" అంటుంది. పిల్లలు వదిలేసిన పెరుగన్నం, అడుగంటిన అన్నం, విరిగిన అట్టు, గిన్నె గోడలకి అంటుకున్న పప్పు, ఇవన్నీ ఒకే మనిషి కంచంలోకి వెళ్తాయి. ఇల్లంతా "మా ఇంట్లో ఏదీ వృథా కాదు" అని గర్వపడుతుంది. వృథా కాని మాట నిజమే. ఒక మనిషి కడుపుని డస్ట్‌బిన్‌కి బదులు వాడుకుంటున్నాం, అంతే. దాన్ని పొదుపు అని పిలవడానికి నేను ఒప్పుకోను. ఒక్కరే తింటే అది పొదుపు కింద రాదు, ఆ ఒక్కరి వాటా తగ్గించడం కింద వస్తుంది.

పోయిన సంక్రాంతి సెలవుల్లో నిన్నటి గుత్తివంకాయ కూర గిన్నెని ఫ్రిజ్‌లోంచి తీసి, వేడి చేసి, అమ్మ కంచం పక్కన కాకుండా అందరి మధ్యా పెట్టాను. అమ్మ నాకేసి చూసి కళ్ళతోనే వద్దంది. నాన్న రెండుసార్లు వేసుకుని "ఈ రోజు వంకాయ బాగా కుదిరింది" అన్నారు. గుత్తివంకాయ మర్నాటికే రుచి, ఉప్పూ కారం ముక్కకి బాగా పడతాయి కదా. నిన్నటిదని చెప్పాక కూడా ఆయన కంచం వదిలి లేవలేదు. కొత్త కూర కొంచెం మిగిలింది. దాన్ని మళ్ళీ అమ్మ సాయంత్రం తింటానంది, అది వేరే సంగతి. ఇలాంటివి ఒక్కరోజులో మారవు.

దీనికి పక్కనే ఇంకొకటి ఉంది. చాలా ఇళ్ళల్లో, అపార్ట్‌మెంట్లలో మూడు రోజులు ఫ్రిజ్‌లో ఉంచి, ఇక మనం తినలేం అనుకున్నాక, పనావిడకి ఇస్తారు. ఇచ్చి దానం చేసినట్టు ఫీలవుతారు. ఈ అలవాటు వెనక ఎవరికి తాజాది, ఎవరికి పాచిది అన్న పాత లెక్కలు ఉన్నాయి. ఆ లెక్కల్లో కులం కూడా ఉంది, అది మనందరికీ తెలుసు. ఇవ్వదలుచుకుంటే వండిన రోజే, మన కంచంలో పడే ముందే, "కావాలా అమ్మా?" అని అడిగి ఇవ్వొచ్చు. మన నోటికి పనికిరానిది ఇంకొకళ్ళ నోటికి ఎలా పనికొస్తుంది? అప్పుడు దాన్ని ఎరువు చెయ్యండి, మొక్కలకి పట్టింపు లేదు.

ఇప్పుడు మన క్యాంపస్. మెస్‌లో పులిహోర పెట్టిన ప్రతి పొద్దున్నా క్లాస్ గ్రూపులో స్టిక్కర్లు వస్తాయి. "రాత్రి అన్నానికి పసుపు రాశారు" అని జోకులు. ఆ జోకులకి నేనూ నవ్వుతాను, కొన్ని నిజంగా బాగుంటాయి. కానీ ఒకటి ఆలోచించండి. రాత్రి మనకోసం వండిన అన్నం మనం తినకపోతే మిగిలింది. దాన్ని శుభ్రంగా దాచి, పొద్దున్నే పులిహోర చేస్తే అందులో తప్పేముంది? ఇంట్లో అమ్మమ్మ చేస్తే సంప్రదాయం, మెస్‌లో చేస్తే మోసమా? మన అసలు హక్కు "తాజా అన్నంతోనే చెయ్యాలి" అనడం కాదు. రాత్రి అన్నాన్ని ఎక్కడ పెట్టారు, ఎంతసేపు పెట్టారు అని అడగడం. ఆ ప్రశ్న మాత్రం గట్టిగా అడగాలి.

ఎందుకో చెప్తాను, ఇది కాస్త జాగ్రత్తగా చదవండి. బియ్యంలో బాసిల్లస్ సీరియస్ అనే బ్యాక్టీరియా బీజాలు ఉండొచ్చు. అన్నం ఉడికినా అవి చావవు. ఉడికిన అన్నాన్ని గది వేడిలో గంటల తరబడి వదిలేస్తే అవి మొలకెత్తి విషపదార్థం తయారు చేస్తాయి. ఆ విషం మళ్ళీ వేడి చేసినా పోదు. కాబట్టి "బాగా వేడి చేస్తే ఏం కాదులే" అన్న మాట అన్నం విషయంలో తప్పు. వండిన రెండు గంటల లోపు వెడల్పాటి పళ్ళెంలో ఆరబెట్టి ఫ్రిజ్‌లో పెట్టెయ్యాలి, మర్నాడే తినెయ్యాలి. ఐదు డిగ్రీలకీ అరవై డిగ్రీలకీ మధ్య ఏ తిండైనా ఎక్కువసేపు ఉండకూడదనేది ఆహార భద్రతలో మూలసూత్రం. మే నెలలో మన ఊళ్ళల్లో గది వేడి ఎంత ఉంటుందో వేరే చెప్పాలా? పెద్దవాళ్ళు చద్దన్నాన్ని ఉత్తినే వదిలెయ్యలేదు, నీళ్ళలో ముంచి పులియనిచ్చారు. పులుపుని చాలా సూక్ష్మజీవులు తట్టుకోలేవు. గిన్నె మీద మూత పెట్టి పొద్దుటిదాకా స్టవ్ మీద మరిచిపోయిన అన్నం చద్దన్నం అవ్వదు.

ఇలాంటివే ఇంకొన్ని. బ్రెడ్‌కి ఒక మూల బూజు వస్తే ఆ ముక్క గిల్లేసి మిగిలింది తినకూడదు, మెత్తటి పదార్థంలో బూజు కంటికి కనపడకుండా లోపలికి పాకుతుంది. పచ్చబడిన బంగాళదుంప పారెయ్యాల్సిందే. పిండి పులిస్తే పర్లేదు, రంగు మారితే వద్దు. కొబ్బరి పచ్చడి మీద నమ్మకం పెట్టుకోకండి. ప్యాకెట్ల మీద 'బెస్ట్ బిఫోర్' అంటే అప్పటిదాకా రుచి, కరకర బాగుంటాయని చెప్పడం. 'ఎక్స్‌పైరీ', 'యూజ్ బై' అంటే ఆ తర్వాత తినొద్దని. మన దేశంలో 2020 లేబులింగ్ నిబంధనల ప్రకారం ఎక్స్‌పైరీ తేదీ వెయ్యడం తప్పనిసరి, బెస్ట్ బిఫోర్ వెయ్యడం కంపెనీ ఇష్టం. పొదుపు పేరుతో ఆసుపత్రి బిల్లు కట్టడం కంటే పిచ్చి పని ఇంకోటి ఉండదు, కాబట్టి అనుమానం వస్తే పారెయ్యండి. నా వ్యాసాన్ని సాక్ష్యంగా చూపించి ఎవరూ పాచి కూర తినొద్దు.

మెస్ విషయానికి వస్తే నాది ఒక్కటే ప్రతిపాదన. శుక్రవారం రాత్రి సగం హాస్టల్ ఇంటికి వెళ్ళిపోతుంది. ఆ సంగతి మెస్‌కి శనివారం పొద్దున్న కుండలు నిండాక తెలుస్తుంది. వెళ్ళేవాళ్ళు ముందు రోజు సాయంత్రం ఆరింటికల్లా ఒక ఫారంలో టిక్ పెడితే చాలు. ఫారం చెయ్యడానికి పది నిమిషాలు, మా క్లాసులో ఎవరైనా చేసేస్తారు. చేసిన ప్రతి ప్రాజెక్టుకీ బ్లాక్‌చెయిన్ తగిలిస్తున్నాం కదా, ఒకసారి బియ్యం కొలతకి పనికొచ్చేది చేద్దాం. వండే పరిమాణం తగ్గితే మెస్ బిల్లు ఎందుకు తగ్గలేదని అడిగే హక్కు కూడా మనకి అప్పుడే వస్తుంది. ముందు మనం చెప్పాలి గదా, ఎంతమందిమి తింటామో.

టమాటా సంగతి చెప్పకపోతే మా కడప వాడు ఊరుకోడు. 2023 జూలైలో కిలో టమాటా వంద దాటినప్పుడు రూముల్లో, హోటళ్ళల్లో అందరూ చింతపండు మీద బతికారు. ఒక్క టమాటా కూడా ఎవరూ పారెయ్యలేదు. అదే టమాటాకి ధర పడిపోయినప్పుడు పత్తికొండలో, మదనపల్లెలో రైతులు కోత కూలి కూడా రాక రోడ్డు మీద పారబోసిన రోజులూ ఉన్నాయి. ఆ వారాల్లో మనం కిలోలకి కిలోలు తెచ్చి మెత్తబెట్టి పారేస్తాం. చవగ్గా ఉన్నప్పుడే కదా దాచుకోవాల్సింది. టమాటాలు కోసి ఉప్పు, పసుపు వేసి రెండు మూడు రోజులు ఊరనిచ్చి, ముక్కలు పిండి ఎండబెట్టి, ఆ ఊటలో చింతపండు నానబెట్టి, అన్నీ కలిపి రుబ్బి కారం, పోపు వేస్తే నిల్వ పచ్చడి. మా మేడ మీద ఎండకి కొదవ లేదు, ఓనర్ ఆంటీ పర్మిషన్ కూడా ఇచ్చింది. ఒక సీసా అడిగిందనుకోండి.

ఇంక మా రూములో ఇప్పుడు నడుస్తున్న పద్ధతి చెప్పి ఆపుతాను. ఫ్రిజ్ తలుపుకి ఒక కాగితం అంటించాం. ముందుగా పాడయ్యేది పైన రాస్తాం, వండగానే కొట్టేస్తాం. పై రెండూ కొట్టెయ్యకుండా ఎవరూ యాప్ తెరవకూడదు. గురువారం బయటి నుంచి ఏదీ కొనం, ఉన్నవాటితోనే వంట. ఉప్పు, నూనె, పోపు సామాను, ఒక గుడ్డు ట్రే ఎప్పుడూ ఉంటాయి, అవి ఉంటే దేన్నైనా లొంగదీయొచ్చు. నిన్నటి కూర వంతులవారీగా కాకుండా నలుగురం పంచుకుంటాం, ఈ రూల్ పెట్టింది నేను. నెల లెక్క 620 నుంచి 210కి వచ్చింది. అందులో సగం ఇంకా కొత్తిమీరే, దానికి మందు దొరకలేదు.

ఇది రాస్తున్న గురువారం కాగితం మీద ఉన్నవి: పులిసిన దోసెల పిండి, రెండు గరిటెలు. తోటకూర, ఒక కట్ట, కాడలు ముదురు. రాత్రి పప్పు, గిన్నెడు. అరటికాయ, ఒకటి. తోటకూర కాడలు పప్పుచారులో వేద్దామని వరంగల్ వాడు, పులుసు పెడదామని కడప వాడు. వాళ్ళు తేల్చుకునేలోపు నేను అరటికాయ చెక్కు తీస్తున్నాను. తొక్క పారెయ్యొద్దని ముందే చెప్పాను.